నాలుగడుగుల ప్రయాణానికి బెల్టు

ఫిబ్రవరి 14, శుక్రవారం, సాయంత్రం

ఎడమ మణికట్టుకు కట్టు. రాసే చెయ్యి బాగానే ఉంది. అదీ దేవుడి దయే.

ఇవాళ కొత్త కారుకు పూజ. మా ఇంటి ముందే, గేటు దగ్గర ర్యాంపు మీద. నాకు లైసెన్స్ వచ్చి నెలయింది. నిమ్మకాయలు అమ్మనే తొక్కియ్యాలె అని మా అమ్మాయి ఇషిత పట్టుబట్టింది. శనివారం నిన్ను షామీర్‌పేట హనుమంతుడి గుడికి తోలుకపోవుడు డాడీకి ఎప్పుడు యాదికుండది, ఇగ నువ్వే పోవచ్చు అంది. ఆ మాటకు నాకు నిన్న నిద్ర పట్టలేదు.

బెల్టు పెట్టుకోబోతే మా ఆయన నవ్వారు. నాలుగడుగులకు బెల్టెందుకే, విమానం తోలుతున్నవా అన్నారు. తీసేశాను.

నేను నేర్చుకున్నది గేర్ల బండి. ఇది ఆటోమేటిక్. బ్రేకు వదిలితే దానంతటదే కదులుతుందన్నారు. కదల్లేదు. ర్యాంపు ఎత్తు, టైర్ల కింద నిమ్మకాయలు. పంతులుగారు కొంచెం రేస్ ఇయ్యమ్మా అన్నారు. ఇచ్చాను. చుట్టాలంతా ఇంకొంచెం, ఇంకొంచెం అని అరిచారు. ఇచ్చాను.

నిమ్మకాయలు పగిలాయి. గేటు స్తంభం కూడా పగిలింది. పంతులుగారు హారతి పళ్లెంతో సహా తులసికోట గద్దె ఎక్కారు. హారతి ఆరలేదట.

ఎముకలో సన్నటి చీలిక. స్టీరింగ్ తగిలి ఛాతీ కమిలింది. ఆరు వారాలు కట్టు ఉండాలి.

ఫిబ్రవరి 15

నవ్వితే ఛాతీ నొప్పి. వచ్చినవాళ్లంతా నవ్విస్తున్నారు.

ఫిబ్రవరి 24, సోమవారం

మా ఆయన మాత్రం నవ్వడం మానేశారు. పూజనాడే దెబ్బ తగిలిన బండి ఇంట్ల ఉండొద్దు, అమ్మేద్దాం అంటున్నారు. గీ వయసుల నీకు గీ పరేషాన్ ఎందుకు, నేను లేనా అన్నారు.

ఉన్నారు. నాలుగు శనివారాల్లో మూడు శనివారాలు ప్లాట్ల బేరాల దగ్గర ఉన్నారు. ఇది పైకి అనలేదు.

దేవుడి గదిలో కూర్చుని ఒక్కటే అడిగాను. బండి ఉండనీ స్వామీ.

ఏప్రిల్ 2, బుధవారం

కట్టు విప్పారు. ఇవాళ ఫిజియోథెరపీ. పక్క కుర్చీలో భిక్షం అన్న. మేడ్చల్ డిపోలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. భుజం ఎముక విరిగిందట. ఎట్లా అన్నా అని అడిగితే తల దించుకున్నాడు. నిజామాబాద్ రోడ్డు మీద ముప్పయ్యేండ్లల్ల ఒక్క గీత వడలే చెల్లె, మొన్న జనవరిల సూపర్‌మార్కెట్ పార్కింగ్‌ల గోడకు గుద్దిన అన్నాడు. మరి బెల్టు అన్నాను. రోడ్డెక్కినంక వెట్టుకుందామనుకున్న అన్నాడు.

ఇద్దరం ఆగకుండా నవ్వాం. డాక్టరమ్మ వచ్చి మందలించింది. హైవే మీద అందరికీ భయమే, సొంత వాకిట్లనే మీకు ధైర్యం ఎక్కువ, వారానికి ఇద్దరు ముగ్గురు ఇట్లనే వస్తరు అంది.

భుజం కుదిరితే నేనే నేర్పిస్త, ఖాళీ ప్లాట్ల వెంచర్ చూసుకుందాం అన్నాడు భిక్షం అన్న.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. బండి అమ్మొద్దన్నాను. గొంతు పెంచలేదు గానీ మాట మార్చుకోలేదు. గీ పెండ్లిళ్ల సీజన్ అయ్యేదాక ఉండనీ, తర్వాత సూద్దాం అన్నారు.

ఏప్రిల్ 19, శనివారం

వెంచర్‌లో ప్లాస్టిక్ బకెట్ల మధ్య రివర్స్. బెల్టు పెట్టనిదే భిక్షం అన్న స్టార్ట్ చేయనివ్వడు. ఎడమకాలికి ఇందుల డ్యూటీ లేదు, దానికి రిటైర్‌మెంట్ ఇయ్యి చెల్లె అంటాడు. మూడు బకెట్లు పోయాయి. నాలుగోది బతికింది!

మే 8, గురువారం

షామీర్‌పేటలో మా మరిది కూతురు అశ్రిత పెళ్లి. భోజనాలయ్యాక ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో మా ఆయన బండి వెనక్కి తీస్తున్నారు. తల కిటికీ బయటపెట్టి వెనక్కి చూస్తూ, పక్కనే నిలబడ్డ చుట్టంతో పప్పు రుచి గురించి మాట్లాడుతున్నారు. ఆయనకు బెల్టు లేదు. దీపస్తంభానికి గుద్దారు.

నాకు బెల్టు ఉంది, ఏమీ కాలేదు. ఆయన మెడ కుడివైపు తిరిగి అక్కడే పట్టేసింది.

సీట్లు మారాం. ముందు ఆయనకు బెల్టు పెట్టాను, తర్వాత నేను పెట్టుకున్నాను. మేడ్చల్ ఆసుపత్రి దాకా నేనే నడిపాను. మెడ తిరగదు కాబట్టి దారంతా నన్నే చూస్తూ కూర్చున్నారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నన్ను అంతసేపు చూసింది లేదు. జర జల్దీ పోనీ, ఎన్క హారన్ కొడ్తున్నరు అన్నారు. నేను బండిని నలభై దాటనివ్వలేదు. ఆసుపత్రి ముందు ఆపాక, మస్తు తోలినవే అన్నారు. నాకు చెవుల దాకా వేడెక్కింది.

కండరం పట్టిందట, అంతే. రెండు వారాలు మెడకు పట్టీ. అమ్మే మాట ఇక ఎత్తలేదు.

మే 17, శనివారం

ఇవాళ ఒక్కదాన్నే గుడికి వెళ్లాను. పార్కింగ్‌లో తెల్లగీతల మధ్య ఒక్క తిప్పుకే పెట్టాను. దిగి చుట్టూ తిరిగి చూశాను. రెండు పక్కలా జానెడు జానెడు. ఆ సంతోషంలో మళ్లీ ఎక్కి ఇంటికి వచ్చేశాను.

ప్రసాదమేదే అన్నారు మా ఆయన.

లోపలికి వెళ్లనే లేదు.

క్షమించు స్వామీ. మళ్లీ బయలుదేరుతున్నాను.