బెత్తెడు తాడు

హుకుంపేట,
బుధవారం.

అమ్మకు,

సాయిదుర్గ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నాన్నా, తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నానని కోప్పడ్డావు. కొట్టు వెనకాల మాకున్నది ఒక్క గది. ఆయన రోజంతా ఆ గదిలోనే మంచం మీద ఉంటారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నువ్వడిగినట్టు నా చేతులు మానుతున్నాయి. కుడి అరచేతిలో కొత్త చర్మం వచ్చింది. నువ్వు పంపిన సున్నుండలు ఆయనకి ఎడంచేత్తో తినడానికి వీలుగా ఉన్నాయి. వానలు ఇంకా వదల్లేదు. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరడం లేదు.

మొగుణ్ణి కాపాడుకున్నానని గజపతినగరంలో మన వీధంతా చెప్పుకుంటున్నారని రాశావు. అసలెలా జరిగిందో వివరంగా రాయమన్నావు. రాస్తాను. చివరిదాకా చదివి, అప్పుడు నన్ను ఏమైనా అను.

మన కారు ఘాట్ ఎక్కలేక పొగ కక్కుతోందని నీకు తెలుసు. పాడేరు మెకానిక్ ఇంజను దింపి విప్పాలన్నాడు. ఆయన ఇంటి దగ్గరే చేసుకుంటానన్నారు. నెల రోజులు ఫోన్లో వీడియోలు చూశారు. ఇంజన్ని పైనుంచి పట్టి ఉంచే ఇనప సామాను అద్దెకి దొరుకుతుందని మెకానిక్ చెప్పినా, "తాడు సరిపోదా ఏటి" అన్నారు. పెరటి రేకుల షెడ్డులో కారుని ఇటికల మీద ఎత్తి పెట్టారు. ఇంజనుకి మోకు కట్టి, షెడ్డు దూలం మీంచి వేసి, కొసని స్తంభానికి రెండు చుట్లు చుట్టి నా చేతికిచ్చారు. కింద జాకీ, దాని మీద చెక్కదిమ్మ.

"ముడేసేస్తే పోదా?" అన్నాను.

"గేర్‌బాక్స్ ఊడదియ్యాలంటే ఇంజను కాస్త పైకీ కిందికీ ఆడాల. నేను సెప్పినప్పుడు వదులు, సెప్పినప్పుడు బిగించు. బేగి అయిపోద్ది" అని కిందికి దూరారు.

అది సంత రోజు. కొట్టు షట్టరు సగం దించి వచ్చాను. వాన మొదలైంది. బోల్టులన్నీ తీశాక చెక్కదిమ్మ జారింది, జాకీ ఒరిగిపోయింది. బరువంతా నా చేతిలోని తాడు మీదికొచ్చింది. స్తంభానికి చుట్లు ఉండబట్టి ఆగింది గానీ అప్పటికే గేర్‌బాక్స్ వైపు ఆయన భుజం మీదికి దిగిపోయింది. కుడిచెయ్యి దాని కింద చిక్కుకుంది. ఆయన బయటికి రాలేరు. ముడి వేద్దామని ఒక చెయ్యి తీస్తే తాడు జారుతోంది. నేనూ కదల్లేను. అరిచాను. రేకుల మీద వాన, సంతలో మైకు. ఎవరికి వినపడుతుంది?

"దుర్గా, వదిలీకు. నీకు దండం పెడతాను, వదిలీకు" అన్నారు.

ఆరేళ్లలో ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. పుట్టింటికి వెళ్తానంటే కొట్టెవరు చూస్తారన్నారు. బీఈడీ చదివాను, బడిలో పాఠాలు చెప్పుకుంటానంటే కొట్టెవరు చూస్తారన్నారు. నీకు గుర్తుందా, ఏప్రిల్లో ఆయనకి చెప్పి మరీ పాడేరు బడికి ఇంటర్వ్యూకి వెళ్లాను. కబురు ఉత్తరంలో పంపుతామన్నారు. ప్రతి ఉత్తరంలోనూ నువ్వు అదే అడుగుతున్నావు, కబురు రాలేదని నేను రాస్తున్నాను. ఉత్తరాలేవొచ్చినా ముందు ఆయన చేతికే వెళ్లేవి.

అమ్మా, ఆ తాడు పట్టుకుని నేనాయన్ని అడిగాను.

"బడివాళ్ల కాయితం వచ్చిందా?"

"ఇప్పుడా అది?"

"ఇప్పుడే చెప్పండి."

"వచ్చింది. జూన్లోనే" అన్నారు.

"ఎక్కడుంది?"

"చించీసేను."

తాడు జారిందని అందరికీ చెప్పాను కదా. జారలేదు. నేను వదిలాను. ఎక్కువ కాదు, బెత్తెడు. ఆ బెత్తెడుకే ఆయన పెట్టిన కేక నా చెవుల్లోంచి ఇంకా పోవడం లేదు. మెడ కింద ఎముక అప్పుడే విరిగింది. ఆ కేకకి నాకు ఒళ్లు తెలిసింది. కాలు స్తంభానికి తన్నిపెట్టి, తాడు నడుముకి చుట్టుకుని వెనక్కి వాలిపోయాను. అరచేతుల చర్మం అప్పుడే ఊడిపోయింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. మిరియాల మూట అమ్మడానికి వచ్చిన దేముడమ్మ కొట్లో ఎవరూ కనపడక పెరట్లోకి తొంగిచూసింది.

"ఓలమ్మో, ఇదేటైపోనాదమ్మా!" అని మూట అక్కడే పడేసి, ఇటికలు ఒకదాని మీద ఒకటి ఇంజను కిందికి తోసింది. ఆయన కాళ్లు పట్టి బయటికి లాగింది.

అప్పటినుంచి ఆయన వచ్చినవాళ్లందరికీ "నా పెళ్లాం లేకపోతే నేను లేను" అని చెబుతున్నారు. వాళ్లు నా చేతులు చూసి కళ్లొత్తుకుంటున్నారు. వాళ్లు వెళ్లాక ఆయనకి అన్నం కలిపి పెడుతున్నాను, స్నానం చేయిస్తున్నాను, చొక్కా తొడుగుతున్నాను. పొగిడినవాళ్ల ముందు నోరు విప్పలేను. ఎముక విరగ్గొట్టినదాన్ని నేనే; మంచాన ఉన్న మనిషిని వదిలి ఎక్కడికి పోగలను? ఇదివరకు వెళ్లనివ్వని మనిషి ఒకడుండేవాడు. ఇప్పుడు కాళ్లు నావే కదలడం లేదు.

నిన్న పొద్దున కట్టు సర్దుతూ, ఇక పట్టలేక, "ఆ రోజు తాడు జారలేదండీ" అన్నాను.

"తెలుసు" అన్నారు. "జారితే ఒక్కసారి కుదిపేస్తాది. అది మెల్లగా దిగింది."

"మరి అందరికీ అలా ఎందుకు చెబుతున్నారు?"

"మరేటి సెప్పమంటావు? కాయితం చించీసేనని సెప్పనా?"

మధ్యాహ్నం అన్నం పెట్టినప్పుడు, తల ఎత్తకుండానే, "తరవాత వదల్లేదు కదా నువ్వు" అన్నారు.

రేపు ఆయన్ని ఆటోలో పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ బడి ఆసుపత్రి దాటాక రెండో మలుపులో ఉంది. ఉద్యోగం ఈపాటికి ఇంకొకరికి ఇచ్చేసి ఉంటారు. అయినా లోపలికి వెళ్లి అడుగుతానని రాత్రి ఆయనతో చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుని, "నేను గేటు కాడ కూర్చుంటాను, అడిగి రా" అన్నారు.

నాన్నకి ఇది చదివి వినిపించకు. నాకు మాత్రం జవాబు రాయి. తిడుతూ రాసినా సరే.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
సాయిదుర్గ