తెల్లబడని పాలు

ఎమ్మిగనూరు, 1957, గురువారం రాత్రి

ఈ రోజు తొందరపడ్డాను.

అన్న కాలి బొటనవేలు మళ్ళీ వాచింది. అదే గౌటు, కీళ్ళలో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు. వేలు కింద ఆనిస్తే ప్రాణం పోతుందంటాడు. మగ్గం తొక్కకుండా నేతగాడు ఎన్నాళ్ళు కూర్చోగలడు?

ఒంట్లో ప్యూరిన్లనే పదార్థాలను యూరిక్ ఆమ్లంగా మార్చే ఎంజైము పచ్చిపాలలోనూ ఉంటుంది. అది పనిచేస్తుంటే, ఫార్మలిన్ చుక్కలతో పాటు పాలలో కలిపిన నీలిరంగు పోయి పాలు తెల్లబడతాయి. మద్రాసు మిత్రుడు పంపిన పసుపురంగు మందుపొడిలోవి ప్యూరిన్‌ను పోలిన చిన్న అణువులు. అవి ఎంజైములో ప్యూరిన్ చోట తిష్ఠ వేసి దాని పని ఆపేస్తాయట.

అన్నే పాలచెంబు పట్టుకుని కుంటుకుంటూ నేను సైన్సు చెప్పే స్కూలు ల్యాబుకు వచ్చాడు. పొడి వేసిన గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచాను. అరగంటైనా నీలం పోలేదు.

"చూడన్నా, ఆగిపోయింది!" అని అరిచాను.

"అయితే నాకు మందొస్తాదా అప్పా?"

"వస్తాదన్నా."

అతను వెళ్ళాక పోలిక కోసం పక్కనే ఉంచిన, పొడి వేయని రెండో గొట్టం చూశాను. తెల్లబడాల్సిన అదీ నీలంగానే ఉంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి పాల గురించి వదినను అడిగాను. "ఎండకు యాడ విరిగిపోతాయోనని ఒక పొంగు కాసి పంపినానప్పా," అంది.

కాస్తే ఎంజైము చచ్చిపోతుంది. ఇక పొడి ఆపడానికి ఏం మిగిలింది? ఆమె తప్పేం లేదు. పచ్చిపాలే ఎందుకో నేను చెప్పలేదు.

నిజం చెప్పబోయాను. లోపల అన్న మగ్గం గుంటలో కూర్చుని, వాచిన కాలిని తొక్కుడుచెక్క మీద మెల్లగా ఆనించి చూసుకుంటున్నాడు. చెప్పకుండానే తిరిగి వచ్చేశాను.

రేపు మళ్ళీ పచ్చిపాలు అడగాలి. ఎందుకని వదిన అడగకుండా ఉండదు.