పూసల్లో దాగిన ముడి

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేనిప్పుడు మైదాలో జిగురు కలిపి పిసికి పూసలు చేసి, రంగులద్ది దండలు గుచ్చుతున్నాను. మన దాజీ పేట్ వాడలో ఆడపిల్లలందరి మెడల్లో అవే.

ఇవాళ స్కూల్ గ్యాదరింగ్‌కు, అదే వార్షికోత్సవానికి, బయల్దేరుతుంటే నీ మనవరాలి దండ పుటుక్కున తెగింది. పూసలు ఏరి గుచ్చి, చూడకుండానే నీ ముడి వేశాను. చిన్నప్పుడు మగ్గం మీద తెగిన పోగు నాతో కట్టించి, "ముడి ఇంత లావా? అచ్చు పండ్ల సందులకెళ్లి ఎట్ల పోతది? ఇప్పు బిడ్డా" అని పదిసార్లు విప్పించేవాడివి. నీ మీద ఎంత కోపమొచ్చేదో!

దండ తిప్పగానే ఆ ముడి పూస బెజ్జంలోకి జారిపోయింది.

"ముడి ఏడున్నదే అమ్మా? కనవడ్తలేదు!" పిల్ల ఒక్కో పూసా తడిమి చూసింది.

నేనూ వెతికాను బాపూ, దొరకలేదు. ఈసారి విప్పమనవుగా?