ప్రతిసారీ మొదటిసారే

తమ్ముడికి,

మీ వదిన పోయిన రోజు నువ్వు మా ఇంటి గేటు దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయావు. ఆ రోజు ఎలా గడిచిందో నీకెవరూ చెప్పి ఉండరు. నేనే రాస్తున్నాను.

పొద్దున ఆసుపత్రిలో సగం కప్పు టీ తాగింది. చల్లారిపోయిందని సణిగింది. జ్వరం తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము అలాగే ఉంది. నర్సు వచ్చి ఒళ్ళు తుడిచి తల దువ్వింది. దువ్వుతుంటే మీ వదిన తన చెల్లెలి గురించి, నీ చిట్టి గురించి, ఒక మాట అంది. అది తర్వాత చెబుతాను. భోజనం వద్దంది. కిటికీ పరదా వెయ్యమంది. వేసి వచ్చి పక్కన కూర్చున్నాను. నిద్రపోతోందనుకున్నాను. సాయంత్రం నర్సు మళ్ళీ వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, "సార్, మీరు కాస్త లేవండి" అంది. అంతే.

ఇక నీ కోపం సంగతి.

తుంటి ఎముక ఆపరేషన్ అయి ఇంటికి తెచ్చాక మీ వదినని చూడ్డానికి వచ్చావు. చిట్టి పోయి అప్పటికి నెల కూడా కాలేదు. మీ వదిన మంచం మీంచి నిన్ను చూసి, "ఏం మరిదీ, ఒక్కడివే ఊడిపడ్డావు? మా చెల్లిని ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చావా?" అని నవ్వింది. నువ్వు పళ్ళ సంచీతో వంటింట్లోకి వచ్చి, "వదినకి చెప్పనే లేదు కదూ? తోడబుట్టిన మనిషి పోతే దాచిపెడతారా? చదువుకున్నవాళ్ళు మీరు, అన్నయ్యా!" అన్నావు. "చెప్పాను" అన్నాను. నువ్వు నమ్మలేదు. పక్క గదిలో ఆవిడకి వినపడుతుందని నేను ఇంకేమీ మాట్లాడలేదు.

నిజంగానే చెప్పాను. ఆవిడకి ఆపరేషన్ జరుగుతున్న పూటే చిట్టి గుండె ఆగింది. తెలివొచ్చి కాస్త తేరుకున్నాక చెప్పాను. ఏడ్చింది. పడుకుని లేచి, "చిట్టికి ఫోన్ చెయ్యండి, ఆపరేషన్ బాగా అయిందని చెప్పండి" అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే ఏడుపు. "ఇంతసేపూ నాకెందుకు చెప్పలేదు?" అని మళ్ళీ అదే నిలదీత. పాతవన్నీ గుర్తే. నీ పెళ్ళిలో నీ చెప్పులు మారిపోయిన సంగతితో సహా. కొత్తది మాత్రం నిలవడం లేదు.

మత్తు డాక్టర్ని అడిగాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మత్తంటే ఉత్త నిద్ర కాదు సార్. జరుగుతున్నది మెదడులో నమోదు కాకుండా కూడా చేస్తుంది. లేకపోతే ఆ కోతంతా గుర్తుండిపోదూ? మందు దిగాక చాలామందికి ఆ శక్తి తిరిగొస్తుంది. పెద్ద వయసులో కొందరికి ఆలస్యమవుతుంది. మందు వల్లేనా అంటే చెప్పలేను. కోత, జ్వరం, వయసు, అన్నీ కలిసే ఉంటాయి."

"ఎప్పటికి తిరిగొస్తుంది?"

"అది తెలిస్తే మీకు చెప్పేసి నేనూ కాస్త నిద్రపోయేదాన్ని."

నువ్వొచ్చి వెళ్ళిన సాయంత్రం కూడా చెప్పాను. "అయ్యో, మరిదిని ఎంత మాటన్నాను!" అని తల కొట్టుకుంది. పొద్దుటికి అదీ లేదు. ఆ తర్వాత మానేశాను. చెప్పిన ప్రతిసారీ చిట్టిని నేనే చంపుతున్నట్టుండేది. "చిట్టి ఊరెళ్ళింది" అనడం అలవాటు చేసుకున్నాను.

తర్వాత జ్వరం, నిమ్ము చేరి మళ్ళీ ఆసుపత్రిలో పెట్టాల్సొచ్చింది. ఇప్పుడు ఆ చివరి రోజు మాట. నర్సు దువ్వెన గట్టిగా లాగింది. "మెల్లిగా తల్లీ, అది జుట్టు, తాడు కాదు. మా చిట్టి కొసల నుంచి చిక్కు తీసేది" అంది మీ వదిన. "ఇప్పుడెక్కడుంటారమ్మా మీ చెల్లెలు?" అంది నర్సు. మీ వదిన తల ముందుకి వంచి, "కానీ, కానీ, దువ్వు" అంది.

ఉద్యోగమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఆపరేషన్ తర్వాత ఆవిడ ఎప్పుడు చిట్టి మాటెత్తినా "అంటుంది", "చేస్తుంది", "వస్తుంది" అనేది. "తీసేది" అనడం ఆ రోజే విన్నాను. చెల్లెలు ఊరెళ్ళిందనుకునే మనిషి "తీస్తుంది" అంటుంది.

మొన్న ఆ డాక్టర్ని కలిసి ఈ మాట చెప్పాను. ఆవిడ, "గుర్తుండడం వేరు, ఎరగడం వేరు సార్. విన్నట్టు గుర్తు లేకుండానే మనిషి కొన్ని నేర్చుకుంటాడు. ఇదీ అదేనా అంటే మాత్రం చెప్పలేను" అంది. నేనూ చెప్పలేను. ఒక్క క్రియాపదం మీద ఎంత బరువని పెట్టను?

నువ్వు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. నేను దాచడం వల్ల అక్క అయ్యుండీ చిట్టి కోసం ఏడవలేదని నీ మనసులో ఉంది. మనం ఆ కబురు ఒక్కసారి విన్నాం. ఒక్కసారి కూలబడ్డాం. తర్వాత మెల్లిగా అలవాటు పడుతున్నాం. ఆవిడకి అలవాటు పడే వీల్లేకపోయింది. ప్రతిసారీ మొదటిసారే. చిట్టి పోయిందని అన్నిసార్లు కొత్తగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. నువ్వు కూడా కాదు.

ఇదంతా నోటితో చెప్పడం నాకు చేతకాదు. పోస్టులో వేస్తే నువ్వు విప్పకుండానే చింపేస్తావు. రేపు పొద్దున మొదటి బస్సుకి వచ్చి ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తాను. నువ్వు చదవడం అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చుంటాను.

నీ అన్నయ్య