ప్రసంగం ముందు గొడుగు

మేనకోడలికి దీవెనలు. ఉగ్రతను అణచుకుంటూ మామయ్య రాయునది.

నా గొంతు ఫోన్‌లో విన్నాక నీ చెవిలో రెండు రోజులు గంటలు మోగాయని నువ్వే అన్నావు. అందుకే ఈ ఉత్తరం. నా ప్రసంగం వీడియోకి ఏం పేరు పెట్టమన్నాను? "కఠిన హృదయములపై దేవుని ఉగ్రతయు, తన అక్కను నొప్పించిన ఒక తమ్ముని కన్నీటి పశ్చాత్తాపమును, మొదటి భాగము." నువ్వేమో దాని ముందు మూడు మంటల బొమ్మలు అంటించావు. ఎమోజీలట! రాజుగారి గోడ మీద రాసిన దేవుని చెయ్యి అక్షరాలు రాసి ఊరుకుంది గాని, పక్కన మంట బొమ్మ వేసిందా?

ఈ ప్రసంగం లోకానికి కాదమ్మా, మీ అమ్మకు. ఆరేళ్ళ క్రితం నా తాళాల కొట్టు పైగదిలో, ప్రార్థన కూటం నిండి ఉండగా, ఆమెను లేచి ఒక్క వచనం చదవమన్నాను. పరిశుద్ధ గ్రంథం చేతిలో పెట్టుకుని కూడా నోరు విప్పలేదు. "గర్వం! గర్వం!" అని అందరి ముందూ అరిచాను. మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆరు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. ఇన్నేళ్ళలో నేను తెరవలేని తాళం అదొక్కటే. ఈ వీడియో ఆమె చూడాలి. ముందా మంటలార్పు.

ఇట్లు,
నీ మేలు కోరే, నీమీద మండుతున్న మామయ్య

తా.క.: మంటలు చూసి ఒక పెద్దమనిషి "స్టవ్ బర్నర్ ఎప్పుడు విప్పుతారు?" అని కింద రాశాడు. పాపం, నలభై నిమిషాలు ఎదురుచూశాడట.

*

మామయ్యకు నమస్కారాలు. మా క్లినిక్‌లో పళ్ళ డాక్టర్‌గారు టీకి వెళ్ళిన సందులో రాస్తున్నాను.

మంటలు ఆర్పేశాను. తప్పు నాదే. మీ గొంతు వింటూ పేరు పెడితే చెయ్యి దానంతటదే అటు పోయింది. కానీ మీరు పెట్టిన పేరు పదమూడు మాటలు. ఫోన్‌లో కనబడేవి మొదటి నాలుగే: "కఠిన హృదయములపై దేవుని ఉగ్రతయు", ఆ తర్వాత చుక్కలు. మీ పశ్చాత్తాపమంతా ఆ చుక్కల్లోనే ఉంది! అమ్మ చూస్తే మళ్ళీ తిట్టడానికొచ్చారనుకోదూ?

బొమ్మ ఒకటి చాలు, మహా అయితే రెండు. పేరుకు ముందుండాలి, లోపలి సంగతికి సరిపోవాలి. కింద వివరణలో ఒక్కో భాగం మొదట ఒకటి పెడితే వెతుక్కునేవాళ్ళకు గుర్తు. అమ్మ చూపు ముందు బొమ్మ మీదే పడుతుంది. ఎందుకని అడగకండి, నా మాట నమ్మండి.

మీ మంచి కోరే
మేనకోడలు

తా.క.: అమ్మ రోజంతా కుట్టు వీడియోలు చూస్తోంది. సూది బొమ్మ కనబడితే చాలు, నొక్కేస్తుంది.

*

జ్ఞానవతియైన మేనకోడలికి వందనములు.

దారి తప్పిన ప్రవక్తకు గాడిద చేత బుద్ధి చెప్పించిన దేవుడు నాకు నీ చేత చెప్పించాడు. గాడిద అన్నానని కోప్పడకు, ఆ గ్రంథంలో దానికున్నంత తెలివి ప్రవక్తకు లేదు.

చదువే ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాణ్ణి, ఈ బొమ్మలొక లెక్కా? ఒక్క మధ్యాహ్నంలో పట్టేశాను. పేరు మొత్తం తీసేసి నేనే ముప్పై ఏడు బొమ్మలు పెట్టాను. జలప్రళయంనాటి ఓడ, అందులోకి జతలుజతలుగా జంతువులు, బాకా, పుర్రె, పాము. మాట ఒక్కటి లేదు. ఇక మీ అమ్మ నొక్కకుండా ఎలా ఉంటుందో చూస్తాను!

ఇట్లు,
జయోత్సాహంతో మామయ్య

తా.క.: ఒంటెకు జత దొరకలేదు. ఒక మూపురం ఉన్నదాని పక్కన రెండు మూపురాలదాన్ని నిలబెట్టాను. దేవుడు క్షమించుగాక.

*

మామయ్యా, నమస్కారం తర్వాత పెడతాను.

అది పిల్లల వీడియో అనుకుని తల్లులు పసివాళ్ళను ముందు కూర్చోబెట్టారు. నాలుగో నిమిషంలో మీరు నరకం తలుపులు తీశారు. ఇద్దరు పిల్లలు మంచం కింద దూరి ఇంకా రాలేదట. అమ్మా చూసింది, బొమ్మలవరకే. "వాడు తాళాలు మానేసి జంతువుల కొట్టు పెట్టాడా?" అని పక్కకు తోసేసింది. అయినా ఆరేళ్ళ తర్వాత మీ ఊసెత్తింది, అదే పదివేలు.

బొమ్మలన్నీ తీసేసి ప్రసంగం మొదటినుంచీ విన్నాను. నలభై ఒకటో నిమిషంలో మీ గొంతు తగ్గింది. చిన్నప్పుడు వానలో ఒకే గొడుగు, అక్క దాన్ని మీ తల మీదే పట్టి తాను తడిసి వారం రోజులు జ్వరంతో పడుకుందని చెప్పారు. మామయ్యా, ప్రసంగమంటే అదీ! ఆ నాలుగు నిమిషాలే ఉంచాను. ముందు గొడుగు, పక్కన జోడించిన చేతులు, తర్వాత "అక్కా, క్షమించు". అంతే.

ఇప్పుడు నమస్కారాలతో
మేనకోడలు

తా.క.: పాస్‌వర్డ్ మార్చాను. మీరెంత తాళాలవారైనా ఇది తెరవలేరు.

*

నా తల్లికి, నా గురువుకు, మామయ్య కళ్ళు తుడుచుకుని రాయునది.

ఆదివారం కూటం సగంలో ఉన్నాను, నోట్లో ఉరుము సిద్ధంగా ఉంది. మెట్ల మీద చప్పుడైంది. చూస్తే మీ అమ్మ! బయట ఎండ మండిపోతుంటే చంకలో గొడుగు. ఉరుము గొంతులోనే ఆగింది.

"గొడుగు చూసి నొక్కాను. నీ మొహం వచ్చింది. కట్టేద్దామనుకునేసరికి వాన మాట ఎత్తావు" అంది.

"క్షమించు అని రాసింది చదివావా అక్కా?"

"ఏం చదవడంరా! నాకు అక్షరం ముక్క వస్తేగా!"

తాళాల పెట్టెల మీద అక్షరాలు చూసి నేను చదవడం నేర్చుకునేసరికి నాకు ఇరవయ్యేళ్ళు. అప్పటికే అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది. బావ నేర్పి ఉంటాడనుకున్నాను. గ్రంథం పట్టుకుని పెదవులు కదిపేదంతా విని నేర్చుకున్నదేనట. ఆ రోజు ఆమెది సిగ్గమ్మా. నేను గర్వమన్నాను.

నీకు ముందే తెలుసట, ఎవరికీ చెప్పనని నీ చేత ఒట్టు వేయించుకుందట. అందుకేనా, బొమ్మ బొమ్మ అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు!

సంచిలోంచి ఆరు కవర్లు తీసింది. ఒక్కటీ విప్పలేదు. అన్నీ తిట్లే ఉంటాయనుకుందట, వాటిని ఇంకొకరి చేత చదివించుకోవడమెందుకని దాచిందట. కూటమంతా చూస్తుండగా నా కుర్చీలో కూర్చుని, కవర్లు నా చేతిలో పెట్టింది.

"లేచి చదువు" అంది.

ఆరూ చదివాను. మూడోదానికి నా గొంతు ఎంత తగ్గిందంటే, ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునే వెనక వరసవాళ్ళు ముందుకు జరిగి కూర్చున్నారు. ఆరోది అయ్యాక మీ అమ్మ "ఇంత మెల్లగా మాట్లాడగలిగినవాడివి ఇన్నాళ్ళూ ఎందుకురా అరిచావు?" అంది. గుండె మీదినుంచి బండ దొర్లినట్టయింది తల్లీ.

ఇట్లు,
తాళం తెరుచుకున్న మామయ్య

తా.క.: ఈ కింది వంకర గొడుగు నేను గీసింది కాదు. వేలిముద్ర వేయమంటే మీ అమ్మ కలం లాక్కుని గీసింది. ఇకమీదట అదే తన సంతకమట. గొడుగు కింద పుల్లలాంటి మనిషి నేనేనట. నోరు మాత్రం గొడుగుకన్నా పెద్దది పెట్టింది.