ఆల్రెడీ పెట్టేసిన ఆవకాయ

చి.ల.సౌ. ఆదెమ్మకు నీ పెనిమిటి పిచ్చయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ గేదెలూ బాగానే ఉన్నాం. సత్తుపల్లిలో నువ్వూ, మన హైమా, దాని పసిబిడ్డా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. కత్తి పట్టే చేతికి కలం ఇచ్చావు మరి.

నువ్వడిగినవి చెబుతాను. ఎర్ర గేదె ఈనింది, పెయ్యదూడ. గాలికి లేచిన కొట్టం కప్పు మళ్లీ వేయించాను. అన్నం వండుకుంటున్నాను, మాడటం లేదు.

ఇక నీ ఉత్తరం సంగతి. "ఆవకాయ ఆల్రెడీ పెట్టేసినం, అన్నయ్యగారు చాన బాగుందన్నరు" అని హైమ చేత రాయించావు. ఆ ఇంగ్లీషు ముక్క ఎవరిదో నాకు తెలుసు. మన వియ్యంకుడు బసవపున్నయ్యది. హైమ పెళ్లిలో "భోంచేసిండ్రా బావగారూ?" అని నేను మర్యాదకు అడిగితే "ఆల్రెడీ అయింది బావగారూ" అన్నాడు. ఆడవాళ్లంతా అబ్బో అన్నట్టు చూశారు. నువ్వూ చూశావు. మరిచిపోయాననుకోకు.

దానర్థం ఏమిటని బడి పంతులు చెంచురామయ్యను అడిగాను.

"మీరు అడగకముందే పని అయిపోతే గప్పుడు వాడాలె పెద్దాయనా."

"అడగకముందే చేసుడేంది? ఇంట్ల మనిషిని అడగొద్దా?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు తండా నుంచి సక్రి పాలకు వచ్చి "పాలు పిండినవా పెద్దయ్యా?" అంటే, "ఆల్రెడీ" అన్నాను. "గట్లంటే ఏంది, లేవా?" అని గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగింది. పిలిచి పోశాను. ఆ బసవపున్నయ్య అంటే అబ్బో, నేనంటే పాలు లేవు!

హైమా, నువ్వు ఇక్కడ ఆపి కాగితం మీ అమ్మకివ్వు. ఆదెమ్మా, మిగతాది నువ్వే కూడబలుక్కొని చదువు.

మన పెరటి కాయ నేను కోయలేదు. ఏటా ముక్కలు కొట్టేది నేను, కలిపేది నువ్వు. జాడీకెత్తాక ఆ బేసిన్‌లోనే వేడన్నం కలిపి మొదటి ముద్ద నా చేతిలో పెట్టేదానివి. ఈ ఏడు ఆ ముద్ద బసవపున్నయ్య తిన్నాడని తెలిసిన పూట నేను పొయ్యి వెలిగించలేదు. ఆ ఇంట్లో ఆడదిక్కు లేదని నిన్ను పురుటికి పంపింది నేనే. అతను మంచివాడే. అయినా కడుపు మండింది. ముసలాడికి ఇదేం రోగమని నవ్వుతావేమో, నవ్వుకో.

కాయలు పండుబారుతున్నాయి, ఇక ఆగవు. కత్తి నూరించాను. జాడీ కడిగి ఎండకు పెట్టాను. ఎప్పుడొస్తావని మాత్రం నేనడగను. అడగకముందే "ఆల్రెడీ బయలుదేరినా" అని రాయించు. అలాగైతే ఆ మాట నాకూ బాగుంటుంది.

ఇట్లు,
కాయ కోయకుండా కూర్చున్న నీ ఇంటాయన
పిచ్చయ్య