పాప వెనక పిల్లర్

మార్చి 3, ఆదివారం

ఫోను నిండిపోయింది. కడుపు నిండిన మనిషి కునుకు తీస్తాడు, నిండిన ఫోను ఫొటో తియ్యనంటుంది. మనవరాలు సెల్లార్‌లో పిల్లర్‌కి వీపు ఆనించి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి నిలబడింది. తొందరగా తియ్యి తాతయ్యా, పొట్టయిపోతున్నానని ఒకటే గోల.

దీనికో కథ ఉంది. నేను బతుకంతా టైలర్‌ని. దేన్నయినా కొలవందే నాకు తోచదు. మొదట్లో పాప ఎత్తుని ఆ పిల్లర్ మీదే పెన్సిల్‌తో గీసేవాణ్ణి. అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు చూసి, కొత్త రంగు మీద ఈ పిచ్చిగీతలేంటి మాస్టారూ, మీ ఇంట్లో గోడల్లేవా అన్నాడు. పౌరుషం వచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే చోట ఫొటో. ఏడాది దాటింది.

మార్చి 4

కోడలు పాత లాప్‌టాప్ ఇచ్చింది. కేబుల్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ ఫొటోలు దిగడం లేదు. సాయంత్రం తనొచ్చి చూస్తానంది, అందాకా ఏదీ కెలకొద్దు మామయ్యా అంది. కెలకొద్దంటే నా చెయ్యి ఊరుకుంటుందా? సెలూన్ బావగారు (నాకు ఏ వరసా కాడు, వీధి మొత్తానికీ బావగారే) ఉపాయం చెప్పాడు. మెసేజ్ యాప్‌లో నీకు నువ్వే పంపుకో, లాప్‌టాప్‌లో తెరువు, చిటికెలో పని అన్నాడు. నిజమే. టీ చల్లారేలోపు అన్నీ దిగాయి. ఫోనులోవి చెరిపేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. కోడలొచ్చాక మీసం మెలేశాను.

మార్చి 5, మధ్యాహ్నం

బాణం మీట నొక్కిపట్టుకుంటే ఫొటోలు సినిమాలా పరుగెత్తాయి. పాప పెరుగుతోంది. గౌను పొట్టవుతోంది. నాలో నేనే నవ్వుకున్నాను. మళ్ళీ నొక్కాను.

పాప వెనక ఇంకోటి కూడా పెరుగుతోంది.

మొదట చీలమండ దగ్గర, వెంట్రుకంత. తర్వాత మోకాలు. వానలు వెళ్ళేసరికి నడుము. ఇప్పుడు పాప తల దాటి పైకి పోయింది. వారంవారం చూస్తున్న కంటికి ఆనలేదు.

మార్చి 5, సాయంత్రం

దిగి చూశాను. పగుల్లో నా చిటికెనవేలి గోరు పట్టింది.

కుట్టు ఊడే బట్టకో గుణం ఉంది. లోపలి దారాలన్నీ తెగాక గానీ పైన నోరు తెరవదు.

సెల్లార్ మీదే మా ఇల్లు. సరిగ్గా ఆ పిల్లర్ మీద పాప పడుకునే గది.

మార్చి 6

అబ్బాయి కళ్ళజోడు మార్చు నాన్నా అన్నాడు. ప్రెసిడెంటు దగ్గరికి లాప్‌టాప్ మోసుకెళ్ళాను. పగులు లేని కట్టడం ఎక్కడైనా ఉందా, ఇది పెరుగుతోందని ఏంటి లెక్క అన్నాడు. ఫొటోలు చూపించాను. అన్నిటి మీదా తేదీ మొన్నటిదే ఉంది మాస్టారూ, ఒక్కరోజు కూర్చుని కుట్టారా అన్నాడు. యాప్‌లోంచి దిగిన ఫొటోకి దిగిన రోజే పుట్టినరోజట. పెద్దది చేస్తే పగులు అలుక్కుపోయింది. నీడ అన్నాడు. అసలువి పట్రమ్మన్నాడు.

అసలువి ఎక్కడున్నాయి? త్వరగా దించిన ఘనుణ్ణి కదా. కోడలు కేబుల్ చుట్టి లోపల పెట్టింది. తిట్టినా బాగుండేది.

మార్చి 7

పిల్లర్‌కి సిమెంటు మెత్తి రంగు కొట్టించారు. చిరుగు మీద ఇస్త్రీ.

మార్చి 8

భోజనాల దగ్గర పాప కొత్త పన్ను చూపించి ఇకిలించింది. నేను ఎంగిలి చేత్తోనే లేచాను.

తేదీలన్నీ పాప నోట్లోనే ఉన్నాయి! ముందు పళ్ళు రెండూ ఉన్నప్పుడు పగులు మోకాలి దగ్గర. రెండూ ఊడి బోసిగా నవ్వినప్పుడు నడుము దగ్గర. బియ్యపు గింజంత కొత్త పన్ను తొంగిచూసేసరికి భుజం దగ్గర. ఒక్కరోజులో పళ్ళు ఊడి మొలుస్తాయా బాబూ అని ప్రెసిడెంటునడిగాను.

ఈసారి ఆయన నవ్వలేదు. ఒక్కో ఫొటో దగ్గరా ఆగి పళ్ళు లెక్కపెట్టాడు. సోమవారం ఇంజినీరుని పిలిపిస్తాను, అందాకా ఎవరితోనూ అనకండి, జనం హడలిపోతారు బాబాయిగారూ అన్నాడు.

ఎప్పుడూ మాస్టారూ అనేవాడు. ఈ బాబాయిగారు నాకు నచ్చలేదు.

మార్చి 9, శనివారం

కొత్త రంగు చీలింది. పాప గది తలుపు పడటం లేదు. చెక్క ఉబ్బిందన్నాడు అబ్బాయి, ఇంత ఎండలో.

పాప గోళీని గది మధ్యలో పెట్టింది. అది దానంతటదే నడుచుకుంటూ గోడవార చేరింది. పాప చప్పట్లు కొట్టింది. అబ్బాయి దాన్ని తీసి మళ్ళీ మధ్యలో పెట్టాడు. మళ్ళీ అక్కడికే పోయింది. వాడు నా మొహం చూడకుండా లోపలికెళ్ళి సూట్‌కేసు దించాడు.

ఎవరితోనూ అనొద్దన్నారు కదా? గోళీ పట్టుకుని ప్రతి గడపా ఎక్కాను. ముసలాడికి మతి పోయిందన్నారు, నాలుగు తిట్టారు. తిడుతూనే సంచులు సర్దారు. చీకటి పడేలోపు మెట్లన్నీ చెప్పుల చప్పుడు.

ప్రెసిడెంటు మాత్రం కదల్లేదు. నేనూ పారిపోతే రేపు నా మాట ఎవరు వింటారు బాబాయిగారూ అని తలుపేసుకున్నాడు. ఆయన తలుపు ఇంకా పడుతోంది.

మార్చి 10, ఆదివారం

ఆదివారం కదా అని పాప పట్టుబట్టింది. వీధికి ఇవతలే నిలబెట్టి ఫొటో తీశాను. గడ్డం ఎత్తింది, ఊపిరి బిగబట్టింది. వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు.

రాత్రి కూలిన శిథిలాల్లోంచి ప్రెసిడెంటు గుమ్మం బయటపడిందట. తలుపు వేసే ఉందట.